పళ్ళ సెట్టు నా దగ్గరే ఉంది

ఇల్లంతా వెతక్కు. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు గిన్నెలో ఉన్న పళ్ళ సెట్టు నేనే తీసుకుని మెకానిక్ షెడ్డుకు పోతున్నాను. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించు. బ్రెడ్డు పాలల్లో నానబెట్టుకుని తిను.

నిన్న పళ్ళ డాక్టరు అంత విడమరిచి చెప్పాడు కదా. పళ్ళు పోయాక చిగురూ దాని కింది ఎముకా ఏటేటా అరిగిపోతాయట. వయసు మీద పడేకొద్దీ నోట్లో చర్మం కూడా పలచబడుతుందట. సెట్టేమో పాతదే. అరిగిన షాఫ్టుకి పాత బుష్షు తొడిగితే వదులై కొట్టుకోదా? అది ఒరుసుకుని చిగురు మీద పడ్డ పుండు మానేదాకా అసలు పెట్టుకోవద్దన్నాడు, మానాక కొత్త కొలత తీస్తానన్నాడు. అక్కడ బుద్ధిగా తలూపి, రాత్రి మళ్ళీ పెట్టుకునే పడుకున్నావు. పొద్దున దిండు మీద ఆ రక్తమేమిటని అడిగితే "చీర రంగు దిగిందండీ" అంటావా? నా చెవిలో పువ్వు కనబడిందా నీకు?

ఎవరి కోసమే ఈ అవస్థ? ఆ గదిలో ఉండేది నేనొక్కణ్ణే. ఇన్నేళ్ళు కాపురం చేశాక నేను పరాయివాణ్ణయ్యానా? నా బట్టతల నీకు కనబడకూడదని నేనేమైనా టోపీ పెట్టుకుని పడుకుంటున్నానా?

మన మనవరాలికి మాత్రం తీసి చూపించావట. దానికీ ముందు పళ్ళు ఊడాయి కదా, ఇద్దరూ అద్దం ముందు నిలబడి పోటీలు పడి నవ్వుకున్నారట. అదే వచ్చి చెప్పింది. నాకు కడుపు మండిపోయింది.

సాయంత్రం తలుపు తీసేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకు. ఆ బోసినవ్వు నాకూ ఒకటి పడెయ్యి.