ప్రింటింగ్ బల్ల అమ్మడం లేదు

అన్నయ్యా,

ప్రింటింగ్ బల్ల కొనే మనిషిని ఆదివారం తీసుకొస్తానన్నావు. తీసుకురాకు. మాటిచ్చేశానని కోప్పడతావని తెలుసు, అయినా ఒక్కసారి విను.

పక్షవాతంతో కుడిచెయ్యి మొద్దుబారిపోయినా మీ బావగారు ఫుట్‌బాల్ జట్టు చొక్కాల మీద వాళ్ల గద్ద గుర్తు వేసివ్వడానికి ఒప్పుకున్నారు. నీకీ పని తెలియదుగా. చట్రానికి బిగించిన సన్నటి జాలీగుడ్డ మీద రంగు వేసి, రబ్బరు పట్టీతో ఒకే ఒత్తిడితో లాగాలి. అప్పుడు బొమ్మ ఉన్నచోట మాత్రమే రంగు చొక్కా మీదికి దిగుతుంది. ఆయన ఎడమచేత్తో లాగితే గద్ద బొమ్మ సగం అలుక్కుపోయింది. గోడవైపు తిరిగి కూర్చున్నారు. నేనే వెళ్లి పట్టీ అందుకున్నాను.

"అంత నొక్కితే రంగు కారిపోతుంది. కాస్త వాల్చి, ఆపకుండా నీవైపు లాగు!" అని వెనకనుంచి అరిచారు.

"అరవడం కాదు, వచ్చి చట్రం పట్టుకోండి," అన్నాను.

వచ్చారు. ఎడమచేత్తో అదిమిపట్టారు. మరో రెండు చొక్కాలు పాడుచేశాక గద్ద రెక్కలతో సహా శుభ్రంగా దిగింది. సాయంత్రానికి అన్నీ వేసేశాం.

రంగు ఆరబెట్టే హీటర్ కిందనుంచి తీసిన ఆఖరి చొక్కా మీద ఆయన కుడిచెయ్యి ఆనించి, "ఇంకా వేడిగా ఉందే," అన్నారు.

ఆ మొద్దుబారిన చేతికి నిజంగా వేడి తెలిసిందా, నా సంతోషం కోసం అన్నారా? అడగడానికి ధైర్యం చాలడం లేదు. అప్పటినుంచి కూర్చోలేక, నిలబడలేక ఇల్లంతా తిరుగుతున్నాను. నువ్వే వచ్చి అడుగు అన్నయ్యా. నీ దగ్గరైతే దాచరు.

నీ చెల్లి