బొటనవేలు పెట్టి ఒప్పుకుంటున్నాను

కోచ్ కరుణ మేడమ్‌కు,

నా పేరు భూమవ్వ. డెబ్బై రెండేళ్లు. షార్జా రోలాలో కొడుకు, కోడలు, మనవరాలు మనీషతో ఉంటాను. చదువు రాదు, చెప్పి రాయిస్తున్నాను.

మీ హైదరాబాద్ కాలేజీలో స్పోర్ట్స్ సీటు కోసం మనీష పరుగు పందెం వీడియో పంపింది. అమ్మాయి చివరిదాకా ఉరకలేదని మీరు వద్దన్నారు. తిట్టి రాయించేదాన్నే, కానీ నేరం నాది. ఫోన్ పట్టుకున్నది నేను. ఆఖరి మలుపులో అది అందరినీ దాటి వస్తుంటే, "గెలిస్తే నన్నిడిసి పోతది గదా" అనిపించి వీడియో ఆపేశాను. ఫోన్ దానంతటదే ఆగిపోయిందని బొంకాను.

"ఏం గాదు బాపమ్మా, నీ వేలు తాకిందేమో" అని నవ్వింది పిచ్చిది. గడువు ఆ రోజే, దాన్నే పంపింది.

అందరూ డ్యూటీలకు పోతే పగలు నాతో మాట్లాడేది అదొక్కతే. అయినా మీరు మళ్లీ ఉరికించి చూడాలి. ఈసారి ఫోన్ కోడలు పడుతుంది. నేను పందెం ముగిసే గీత అవతల నిలబడతాను. అది నన్ను దాటి పోతుంటే కళ్లారా చూస్తాను.

భూమవ్వ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు: కోడలు కల్పన, రాసిపెట్టిన పక్కింటి చాముండేశ్వరి