అడిగి ముట్టుకునే చేతులు

ప్రియమైన నాన్నకి,

ఫోన్ చేస్తే తమ్ముడు స్పీకర్ పెడతాడు, మరదలు నీ బదులు జవాబులు చెబుతుంది, నువ్వేమో "బాగానే ఉన్నానమ్మా" అని దగ్గుతావు. అందుకే ఉత్తరం. ఇది నీ ఒక్కడికే.

బంధువులంతా నన్ను క్యాన్సర్ డాక్టర్ని చేసేశారట. వాళ్ళకి కాస్త చెప్పు నాన్నా. నేను జబ్బు తగ్గించను. కీమో ఎక్కించుకునేవాళ్ళ పాదాలూ చేతులూ మెల్లగా నిమురుతాను, ఊపిరి ఎలా తీసుకుంటే వికారం కాస్త సర్దుకుంటుందో చూపిస్తాను. నా గది లిఫ్టు వెనకాల, కిటికీ కూడా లేదు. ఒక మంచం, తువ్వాళ్ళు, వాసన లేని నూనె. వాసనుంటే వాళ్ళకి కడుపులో తిప్పుతుంది.

ఇక్కడ ముట్టుకునే ముందు ప్రతిసారీ అడగాలి. నిన్న ఔనన్నారు కదా అని ఇవాళ చెయ్యి వేయకూడదు. ఒక టీచరమ్మ ఉంది, రోజూ వద్దంటుంది. "ఈ ఆస్పత్రిలో నా మాట చెల్లేది నీ దగ్గరొక్కటే, రేపు కూడా వచ్చి అడుగు" అంటుంది. రోజూ వెళ్ళి అడిగి, వద్దనిపించుకుని వస్తున్నాను.

నువ్వు మాత్రం దేనికీ వద్దనకు. నీ కీమో మొత్తం పూర్తి కావాలి. పాదాలకి నూనె రాయమని మరదలికి చెప్పాను, రాస్తోందా?

నీ పిడుగు

*

పిడుగమ్మకి నాన్న ఆశీస్సులు.

రాస్తోంది, పాపం. నూనె అయ్యాక పళ్ళరసం, అది దిగకముందే ఫోన్లో నువ్వు రికార్డు చేసి పంపిన గొంతు, "మెల్లగా పీల్చండి" అని. కన్నతండ్రిని "పీల్చండి" ఏమిటే? నీ తమ్ముడు తలుపు దగ్గర నిలబడి నేను పీల్చానో లేదో చూస్తాడు. నేను కిటికీ దగ్గరికి నడిచినా ఎవరో ఒకరు రెక్క పట్టుకుంటారు. ఎవరి మీదా కోప్పడటానికి లేదు, అందరూ ప్రేమగానే చేస్తున్నారు.

నా కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పేశారు. మొన్న ఎవరూ లేనప్పుడు నా చొక్కాకి గుండీ కుట్టుకుందామని కూర్చున్నాను. తెల్ల గుడ్డ మీద ఎర్రగా కనిపించాక తెలిసింది, సూది వేలిలో దిగిందని. ఇన్నేళ్ళు కుట్టిన చేతికి సూది తెలియడం లేదు. వేళ్ళు నావి కావన్నట్టున్నాయి.

డాక్టర్ దాపరికం లేకుండా చెప్పాడు. పూర్తిగా నయం కాదట. మందు ఎక్కిస్తే ఇంకొన్నాళ్ళు, ఆపితే అంతకన్నా తక్కువ. మీరూ మీవాళ్ళూ ఆలోచించుకోండి అన్నాడు. ఇంక చాలురా అంటే నీ తమ్ముడు ముఖం మాడ్చుకుని "అక్కని అడుగు, అలాంటి ఆస్పత్రిలోనే కదా పని, అక్క ఏదంటే అదే" అన్నాడు. అందుకని అడుగుతున్నాను తల్లీ. ఆపేయనా?

నాన్న

*

నాన్నా,

ఆపకు. వేళ్ళ తిమ్మిరి మందు వల్లే, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పు, మోతాదు తగ్గిస్తారు.

నన్నెందుకు అడిగావు? ఆపమంటే రేపు తమ్ముడు నా వైపు ఎలా చూస్తాడు? వాడు ఏమీ అనకపోయినా నాకు వినపడుతుంది. ఆపొద్దంటే నిన్ను బాధపెట్టేది నేనే. ఎటు తిరిగినా గోడే. అయినా ఆపకు. నా కోసం.

నీ పిడుగు

*

పిడుగూ,

సరే. నిన్న ఎక్కించారు. నూనె రాశారు. పీల్చాను. అందరూ సంతోషంగా ఉన్నారు.

నాన్న

*

ప్రియమైన నాన్నకి,

నీ నాలుగు ముక్కల ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయలేకపోయాను. క్షమించు.

టీచరమ్మ వాళ్ళమ్మాయి వచ్చింది. "ఒక్కసారి చేయించుకో అమ్మా, నా కోసం" అని బతిమాలింది. ఆవిడ సరేనంది. నేను పాదం చేతిలోకి తీసుకున్నాను. కర్రలా బిగుసుకుపోయి ఉంది. ఎంత మెల్లగా నిమిరినా వదులు కాలేదు. ఆవిడ కూతురి వైపు చూసి నవ్వుతూనే ఉంది. మధ్యలో ఆపేసి తువ్వాలు కప్పాను. "నీకు తెలిసిపోయిందా?" అంది నెమ్మదిగా.

నాకు నువ్వే గుర్తొచ్చావు. ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా అడిగి ముట్టుకుంటాను, నిన్ను మాత్రం అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఇంకా ఎక్కించుకుంటావా, వద్దా? ఏదైనా సరే తమ్ముడితో నేను మాట్లాడతాను. పడాల్సిన మాట నేను పడతాను.

వద్దంటే వెంటనే సెలవు పెట్టి వచ్చేస్తాను. రోజూ నీ కాళ్ళూ చేతులూ నేనే చూసుకుంటాను.

నీ పిడుగు

*

నా తల్లికి,

వద్దు.

రాసి చాలాసేపు చూసుకున్నాను. నువ్వు ఫోన్ చేసి "నాన్న ఏదంటే అదే" అన్నాక నీ తమ్ముడికీ ఇదే మాట చెప్పాను, వాడు మేడ మీదికి వెళ్ళి ఏడ్చి వచ్చాడు. మర్నాడు వాడే డాక్టర్ దగ్గరికి వెళ్ళి కీమో ఆపమని చెప్పి, నొప్పికి మందులు రాయించుకొచ్చాడు. ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు.

ఇంకొకటి కూడా వద్దు. నీ చేతులు. ఉలిక్కిపడకు, కోపం కాదు. నువ్వొస్తే ఆ ఉద్యోగం ముఖం పెట్టుకునే వస్తావు. మెత్తగా మాట్లాడతావు, పాదాలు ఒళ్ళో పెట్టుకుంటావు, నేను మళ్ళీ రోగినైపోతాను. ఇంట్లో నర్సులకి కొదవ లేదు. నాకు మాటకి మాట చెప్పే నా పిడుగు కావాలి. అలా రాగలిగితే రా.

నాన్న

*

నాన్నా,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళోవాళ్ళందరికీ పనికొచ్చిన చేతులు కన్నతండ్రికి అక్కర్లేదా? రెండు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను.

తర్వాత తెలిసింది, చేతులకి పని లేకపోతే నీ పక్కన ఎలా కూర్చోవాలో నాకు తెలియదు. ఎవరి మంచం దగ్గరైనా నవ్వుతూ నిలబడగలను, నీ దగ్గర నిలబడలేను. నాకు భయంగా ఉంది నాన్నా. చాలా భయంగా ఉంది. ఈ ఉద్యోగంలో చేరాక ఈ మాట ఎవరితోనూ అనలేదు.

శుక్రవారం వస్తున్నాను. గుమ్మంలోనే ఏడ్చేస్తాను. ఓదార్చడం నీ పని.

నీ కూతురు