పాత బోర్డు, కొత్త డిస్కు

చిరంజీవి నాగార్జునకు, ఎల్.బి. నగర్ నుంచి అక్క అమ్మాజీ దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ బావగారూ కులాసా. బెంగళూరులో నువ్వూ మరదలు సింధూ కులాసాగా ఉన్నారనే అనుకుంటాను. ఫోను చేస్తే తీరిపోయేదానికి ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నా మాట సగంలో ఉండగానే నీకు మీటింగు వచ్చిపడుతుంది. కాగితానికి మీటింగులు ఉండవు కనుక నింపాదిగా రాస్తున్నాను.

నీ కొరియరు అందింది. సకల జనుల సమ్మె అని ఊరంతా స్తంభించింది. బస్సు కదలడం లేదు, బడి గంట మోగడం లేదు. మీ కంపెనీ క్రికెట్ ఆట కొత్త డిస్కు మాత్రం ఎవడి బండి వెనకో కూర్చుని దిల్‌సుఖ్‌నగర్‌లో మన వీడియోగేముల షాపుకి దిగబడింది. అందులో నువ్వు పెట్టిన ఉత్తరం కూడా చదివాను. డిస్కు ఎలా ఉందని అడిగావు. ఏటా కొత్త డిస్కు వేయాలా, ఉన్న ఆటకే నెట్లో మార్పులు పంపుతూ పోవాలా అని మీ ఆఫీసులో వాదన నడుస్తోందనీ, నువ్వు కొత్త డిస్కు పక్షమనీ, మన పిల్లలేమంటున్నారో రాయమనీ అన్నావు. చివర్న తాపీగా, షాపు కిరాయి కాగితం నీ పేరు మీదే ఉంది కాబట్టి నెలాఖరుకి ఓనరుకి నోటీసు ఇచ్చేస్తానని రాశావు. ఒక్కొక్కదానికీ జవాబు చెబుతాను, కుదురుగా కూర్చో.

డిస్కు పైన పటారం, లోన లొటారం. బడులు లేక షాపు నిండా పిల్లలే. అట్ట విప్పుతుంటే కళ్ళింత చేసుకుని చూశారు. పెట్టి చూస్తే ఏముంది? చొక్కాల రంగు మారింది. నిరుడు మీసం ఉన్న బౌలరుకి ఈ ఏడు మీసం లేదు. మీ ఇంజినీర్లందరూ కలిసి ఏడాదిపాటు ఒకడికి గడ్డం గీశారన్నమాట. మన పక్క షాపులో నంబరు ప్లేట్లు రాసే లింగస్వామి నీకు తెలుసుగా, చౌటుప్పల్ వైపు మనిషి. అతను రాగానే బ్యాటు తిప్పి బంతిని థర్డ్ మ్యాన్ వైపు తోశాడు. అక్కడ నిలబడ్డ ఫీల్డరు ఎప్పటిలాగే కాళ్ళ మధ్య నుంచి బంతిని సాగనంపాడు. ఫోరు. నాలుగేళ్ళుగా అదే ఫీల్డరు, అవే కాళ్ళు. మన పిల్లలు దానికి థర్డ్ మ్యాన్ సందు అని పేరు కూడా పెట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో సందులు తక్కువయ్యాయని మీరూ ఒకటి వేశారు కాబోలు.

మసి పూసి మారేడుకాయ చేయడం నాకు కొత్త కాదు. మీ బావగారి కోచింగ్ సెంటరు వాళ్ళు గ్రూప్స్ గైడు ఏటా కొత్తగా వేస్తారు. నిరుడు అట్ట మీద అసెంబ్లీ, ఈ ఏడు చార్మినారు. లోపల గోదావరి పొడవు ఒక పేజీలో ఒకటి, ఇంకో పేజీలో మరొకటి. ఏ అట్ట వేసినా ఆ రెండు గోదావరులూ అలాగే ప్రవహిస్తుంటాయి. అందులో మీ బావగారి చెయ్యి కూడా ఉంది. కానీ ఆ మాట ఎత్తితే ఆయన కంచంలోకి తల వంచుకుంటారు. మీ కంపెనీకి ఆ పాటి సిగ్గు కూడా లేదు.

కొత్త డిస్కు వస్తే పండగలా ఉంటుందని రాశావు. బాలాపూర్‌లో వినాయకుడి లడ్డూ ఏటా కొత్తది చేసి వేలం వేస్తారు. ఎందుకంటే నిరుటిది తినేశారు. మీ నిరుటి డిస్కు ఎవరు తిన్నారు? శుభ్రంగా తిరుగుతున్నదాన్ని మూలన పారేయించి, అదే మళ్ళీ కొనమనడం పండగ కాదు నాయనా, దబాయింపు. అదీకాక మన పిల్లలు ఎండాకాలమంతా కూర్చుని ఆటలో ఎల్.బి. నగర్ జట్టు ఒకటి తయారు చేసుకున్నారు, వాళ్ళ పేర్లూ వాళ్ళ వాలకాలూ పెట్టుకుని. కొత్త డిస్కులోకి ఆ జట్టు రాదట. మళ్ళీ మొదట్నుంచి పుట్టాలట. ఇది విన్నాక సీతారాములు అనే పిల్లాడు, అయితే నాకు పాత డిస్కే పెట్టు ఆంటీ అన్నాడు. ఏడాది కష్టం మీదీ ఉందిగాని, ఆ పిల్లాడి ఎండాకాలం కష్టం ముందు మీది వెలవెలబోయింది.

న్యాయంగా ఒక మాట ఒప్పుకుంటాను. నెట్లో మార్పులు పంపడం మన దగ్గర తేలిక కాదన్నావు చూశావా, అది నిజం. బొగ్గు గనుల్లో కూడా సమ్మె కావడంతో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మొన్న ఏదో చిన్న మార్పు దింపుతుంటే కరెంటు పోయింది, వచ్చాక మళ్ళీ మొదటికి వచ్చింది. మూడోసారి నేనే పీకి పడేశాను. కానీ నెట్టు బాగాలేకపోతే నెట్టు బాగుచేయాలి. అది సాకు పెట్టుకుని చొక్కాలు అమ్ముకోవడం ఏం తెలివి? ఒకే ఆట నడిపితే మీ ఆఫీసులో సగంమందికి పనుండదని కూడా రాశావు. ఉంటుంది. ముందు ఆ సందు పూడ్చమను.

ఇక అసలు సంగతి. షాపు బోర్డు మీద చివర్న ఉన్న ఏపీ చెరిపేసి టీజీ రాసి ఉందని మీ బావగారు నోరు జారారు. అంతే, అది లింగస్వామి పనేనని తేల్చేశావు. ఈ రోజు బోర్డు చెరిపినవాడు రేపు షాపు ఖాళీ చేయమంటాడు, వదిలేసి వచ్చెయ్, ఇక్కడ కొత్తగా పెట్టుకుందాం అన్నావు. కొత్తగా! నీ నోట ఇంకో మాటే రాదు. తణుకులో ఇల్లు కారితే బాగుచేయించకుండా అమ్మించావు. ఈ షాపు పెట్టి, నీ పేరే బోర్డుకెక్కించి, రెండేళ్ళకే నా నెత్తిన పెట్టి బెంగళూరు చెక్కేశావు. నువ్వు ఏటా కొత్త డిస్కు పక్షం కావడంలో ఆశ్చర్యమేముంది?

లింగస్వామితో నాకు మాటపట్టింపు వచ్చిన మాట నిజమే. అదీ మీ డిస్కు వల్లే. ఒక సాయంత్రం నేను మీ కంపెనీని దులుపుతూ, చెడినదాన్ని దిద్దుకుంటే సరిపోయేదానికి అంతా పారేసి కొత్తది ఎందుకూ అన్నాను. అక్కడితో ఆగితే నేను అమ్మాజీని ఎందుకవుతాను? రాష్ట్రం సంగతీ అంతే, దిద్దుకుంటే పోదా అన్నాను. అతను చేతిలో కంట్రోలరు కింద పెట్టాడు.

"అక్కా, గీ డిస్కు నాలుగేండ్ల సంది నువ్వూ చూస్తున్నవ్, నేనూ చూస్తున్న. అట్ట కొత్తది, సందు పాతది. మాకు జేసిన ఒప్పందాలు గంతే. పెద్దమనుషుల ఒప్పందమన్నరు, ఆరు సూత్రాలన్నరు, ఆరువందల పది జీవో అన్నరు. ఏది వచ్చినా మా నౌకరీలు గా సందులకెల్లే పోయినయ్. దిద్దుతరు దిద్దుతరని మా నాయిన సూసిండు, నేను సూసిన. ఇంకెన్నిసార్లు అట్ట మారుస్తరు?"

పిల్లలంతా ఆట ఆపి నా మొహం చూశారు. ఈ ఊళ్ళో మా కష్టం లేదా అంటూ నేనేదో అన్నాను. మనవాళ్ళందరూ అనేదే, నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. అతను లేచి వెళ్ళిపోయాడు. నాకు కోపం మాత్రం దండిగా ఉంది. మర్నాటి నుంచి అతను నన్ను 'మీరు' అనడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళుగా అక్కా నువ్వు తిన్నవా, అక్కా షట్టరు నేనేస్త నువ్వు పో అనే మనిషి, షట్టరు దించమంటారా అని అడిగాడు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు. మన గోదావరి జిల్లాల్లో మీరు అంటే మర్యాద. అతని నోట నాకది గేటు వేసినట్టు వినిపించింది.

ఇప్పుడు రాసేది నీకు చెప్పొద్దని మీ బావగారి చేత ఒట్టు పెట్టించుకున్నాను, అందుకే ఆయన సగమే చెప్పారు. మొన్న నువ్వు ఫోనులో లింగస్వామిని నోటికొచ్చినట్టు తిడుతుంటే నేను గమ్మున ఊరుకున్నాను కూడా. ఆ బోర్డు చెరిపింది లింగస్వామి కాదు. నేను.

వీధిలో బోర్డులన్నిటికీ టీజీ రాస్తూ అతను నిచ్చెన వేసుకుని వరసగా వచ్చాడు. టిఫిన్ సెంటరు, జిరాక్సు షాపు, మందుల షాపు అయ్యాయి. ఎవరూ కొత్త బోర్డు చేయించలేదు సుమా, డబ్బా అడుగున మిగిలిన రంగుతో వీధి వీధంతా మారిపోయింది. మీ కంపెనీ వాళ్ళయితే ఇనుప రేకుతో సహా కొత్తవి అంటగట్టి ఉండేవాళ్ళు. మన షాపు దగ్గరికి వచ్చేసరికి అతను నిచ్చెన ఎత్తి భుజాన పెట్టుకుని దాటిపోయాడు. ఏమిటి సంగతి అని అడిగాను. "మీది మీ ఇష్టం అక్కా. నేను రాస్తే బలవంతం జేసినట్టయితది" అన్నాడు.

నేను సంతోషించాలి కదా. నా ఒళ్ళు మండింది. వీధిలో అందరికీ బొట్టు పెట్టి పేరంటానికి పిలిచి, నా గుమ్మం దాటిపోయినట్టు అనిపించింది. రాష్ట్రం రావాలా వద్దా అన్నది నాకు ఇంకా మింగుడు పడలేదు, అది వేరే. కానీ ఇన్నేళ్ళు ఉన్న వీధిలో నన్ను దాటి పోవడమేమిటి? నిచ్చెన ఇటు వెయ్యమన్నాను. కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కాను. ఏపీ మీద నల్లరంగు కొట్టి, తెల్లరంగుతో ఇంగ్లీషులో టీ రాశాను, పక్కన జీ రాశాననుకున్నాను.

కింద కోచింగు పిల్లలు గుమిగూడి పగలబడి నవ్వుతున్నారు. నాకు ఇంగ్లీషు జీ లోపల అడ్డగీత ఒకటి ఉంటుందని నిచ్చెన మీద గుర్తుకు రాలేదు. నేను రాసింది టీసీ. ఆంధ్రా ఆంటీ తన టీసీ తనే రాసుకుంది అని ఒకడు అరిచాడు. బడి వదిలి పోయే పిల్లాడికి ఇచ్చే టీసీ! నాకు నవ్వూ వచ్చింది, ఎందుకో ఏడుపూ వచ్చింది. నిచ్చెన పట్టుకున్న లింగస్వామి ఒక్కడే నవ్వలేదు. తల పైకెత్తి అన్నాడు:

"అక్కా, నీకు టీసీ ఎవడిచ్చిండు? జర అడ్డం గీత పెట్టి దిగు నువ్వు."

'నువ్వు' అన్నాడు నాగార్జునా. నేను గీత పెట్టి దిగాను. మా వాదన తెగలేదు, తెగదు కూడా. నిన్న సాయంత్రం కూడా ఆ సందులో మూడు ఫోర్లు కొట్టి, చూసినవా అక్కా, ఇంకా పూడ్వలేదు అని నన్ను దెప్పాడు.

మీ ఆఫీసులో నా మాటగా ఇది చెప్పు. ఉన్న ఆటను దిద్దే ఓపికా నిజాయితీ మీకుంటే ఏటా కొత్త డిస్కు అక్కర్లేదు. దిద్దుతామని చెప్పి దిద్దకుండా అట్టలు మారుస్తూ కూర్చుంటే, ఏదో ఒక రోజు ఆడేవాడే లేచి నీ ఆట నీకూ నా ఆట నాకూ అంటాడు. అప్పుడు వాణ్ణి తప్పు పట్టే హక్కు మీకుండదు. ఈ రెండో ముక్క లింగస్వామి దగ్గర నేర్చుకున్నాను. ఇష్టంగా నేర్చుకోలేదు, కానీ నేర్చుకున్నాను.

ఓనరుకి నోటీసు ఇవ్వకు. కిరాయి కాగితం మీదా బోర్డు మీదా నీ పేరే ఉంది, నేను దాని జోలికి పోలేదు. ఈసారి కొరియరులో డిస్కు పంపకు. లింగస్వామిని తిట్టినందుకు అతనికి ఒక ఫోను చెయ్యి, నంబరు మీ బావగారిని అడుగు. సింధుకి నా ఆశీస్సులు.

ఇట్లు,
టీసీ తీసుకోని నీ అక్క,
అమ్మాజీ