ఎగ్జిట్ బోర్డు కింద ఫోటో

బురైదా, సౌదీ

రవళీ,

పక్క కంపెనీ నర్సింలు ఊరికి వస్తున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. ఫోన్లో చెబితే మీ అమ్మ వింటుంది.

చైనాలో నీ కాలేజీకి తిరిగి పోయేటప్పుడు కున్‌మింగ్ ఎయిర్‌పోర్టులో పది గంటలు ఆగాలన్నావు. "ఏం చెయ్యాలె మామా, బయటి దేశంల ఉన్నోనివి, నీకే తెలుస్తది" అని అడిగావు. పోయినసారి లోపలే కూర్చున్నావట. ఆకుపచ్చ ఎగ్జిట్ బోర్డు కింద నువ్వు దిగిన ఫోటో మా రూములో ఉండే వాజిద్‌కు చూపించాను. అతను నిన్ను చూడనే లేదు, బోర్డు చదివాడు. "ముబారక్ అన్నా, ఎగ్జిట్ వచ్చిందా నీకు?" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అది తలుపు మీది బోర్డని చెబితే రూమంతా నవ్వింది.

ఇక్కడ ఎగ్జిట్ అంటే ఇంటికి పొమ్మని కఫీల్, అంటే మమ్మల్ని పనికి తెచ్చుకున్న యజమాని, ఇవ్వాల్సిన కాగితం. ఆయన ఫోన్ ఎత్తడు. సౌదీవాళ్లను సరిపడా పెట్టుకోలేదని సర్కారోళ్లు మా కంపెనీని రెడ్ లిస్టులో వేశారు. మా తలకింత అని సర్కారుకు కట్టాల్సిన లెవీ కంపెనీ కట్టలేదు, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డుల గడువు అయిపోయింది. క్యాంపు గేటు దాటితే పోలీసులు పట్టుకుంటారు. నాకు సెలవు దొరకలేదనే అక్క అనుకుంటోంది, అట్లాగే అనుకోనీ.

నీకు వీసా ఉంది. బయటికి పోతే మళ్లీ రానివ్వరేమోనని భయపడకు. సామాను ఎయిర్‌పోర్టు లగేజీ కౌంటర్లో పెట్టి ఊరు తిరుగు, వేడిగా ఏదైనా తిను. ఈసారి ఫోటో ఆ తలుపు అవతల దిగి పంపు. "అవతల ఏముంటదో చూద్దామన్నా" అని వాజిద్ రోజూ అడుగుతున్నాడు.

మీ మామ