హాల్లో ఉన్న ప్లగ్గు

వదినా,

తలుపు కొడితే నువ్వు తీయవని తెలిసే ఈ కాగితం కిందనుంచి తోస్తున్నాను. చింపే ముందు చదువు. ఇప్పుడు రెండున్నర. మూడింటికి నీ రెండో పరీక్ష.

మొన్న మొదటి పరీక్షలో, ఆన్‌లైన్లో యానిమేషన్ కంపెనీవాళ్ల ముందు నీ బొమ్మ అడుగడుక్కీ ఆగిపోయింది కదా. "చేతకాని పని నీకెందుకు" అని అన్నయ్య అంటుంటే, నాకు అనుమానం ఉండి కూడా నోరు మెదపలేదు.

పొద్దున రిపేరు షాపాయన్ని అడిగాను. నీ ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చూపించే చిప్పులు రెండుంటాయట. ఛార్జర్ ఉన్నంతసేపూ బరువు పని పెద్దది చేస్తుంది. తీసేస్తే బ్యాటరీ మిగల్చడానికి నీ ల్యాప్‌టాప్ ఆ పని చిన్నదాని నెత్తిన వేస్తుందట. దానివల్ల ఎక్కడవుతుంది? స్క్రీన్ ఆరిపోదు కాబట్టి నీకూ తెలియలేదు.

ఆ రోజు హాల్లోంచి నీ గదిలోకి లాగిన ఛార్జర్ వైరు పీకి యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నది నేనే. అయ్యాక చప్పుడు చెయ్యకుండా మళ్లీ పెట్టేశాను.

ఇప్పుడు ప్లగ్గు గట్టిగా నొక్కాను. సెట్టింగుల్లో కూడా నీ ప్రోగ్రాముకి పెద్ద చిప్పే ఎంచుకో. నువ్వు బయటికి వచ్చేదాకా ఈ స్విచ్ బోర్డు ముందునుంచి కదలను.

అన్నయ్య ఇస్త్రీపెట్టె కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. అది నా ఒళ్లో ఉంది.

హాల్లోంచి,
నీ ఆడపడుచు