లేని మోకాలి నొప్పి

తిరువూరు, బుధవారం

అక్కయ్యకు నమస్కారాలు. ఇద్దరం బాగానే తిరుగుతున్నాం, కంగారుపడకు. ఫోను చేస్తే నీ మరదలు సుబ్బలక్ష్మి పక్కనుంచి వింటుందని కార్డు రాస్తున్నాను.

నిన్న సుబ్బలక్ష్మి తనకు మోకాలి నొప్పని చెప్పి నన్ను విస్సన్నపేట డాక్టరు దగ్గరకు వెంటబెట్టుకెళ్ళింది. ఆయన ఆమె మోకాలివంక చూడనైనా లేదు. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా అని అన్నీ నన్నే అడిగాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. "మీరేం చేస్తుంటారండి?" అన్నాడు. "సైన్సు మాస్టార్ని" అన్నాను. "రిటైరై ఏడాదైందండి" అంది సుబ్బలక్ష్మి. "మరి ఇప్పుడేం చేస్తున్నారు సార్?" అన్నాడు. ముప్పైనాలుగేళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగినవాణ్ణి, సుబ్బలక్ష్మి వంక చూశాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. మాత్రలిచ్చాడు. ఇంకా వేసుకోలేదు.

పోయిన నెల నీతో మాట్లాడుతూ ఏడ్చానని ఆమెకు నువ్వే చెప్పావా? కోప్పడను, నిజం రాయి.

నీ కంటి ఆపరేషను ఎప్పుడు? బావగారికి నమస్కారాలు, మనవరాలు శర్వాణికి ఆశీస్సులు.

నాన్నగారు రిటైరయ్యాక చాలా నెలలు గుమ్మం దాటలేదట కదా. అప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను, ఇంట్లో ఉన్నది నువ్వే. ఆయన మళ్ళీ బయటికి ఎలా వచ్చారో, అదొక్కటి వివరంగా రాయి.

నీ తమ్ముడు,
రాధాకృష్ణమూర్తి